వరుస తప్పితే మనిషే మారిపోతుంది
(మాత్రికలో ఒక వరుస రాయడం ఎలా?)



కంప్యూటరు అంటే బొమ్మలు వేయడం, ఉత్తరాలు టైపు కొట్టడం అని చాలామంది అనుకుంటారు. అసలు అది పుట్టింది లెక్కల కోసం. ఆ లెక్కల్లో రోజూ చేసే చిన్న పని ఒకటుంది. పట్టికలో ఒక అడ్డు వరుస తీసుకుని, అందులో కొన్ని సంఖ్యలు ఒకేసారి పెట్టడం. ఇదేం పెద్ద పనా అంటారేమో. చిన్న పనే. కాని ఇందులో తప్పు జరిగితే ఒక అమ్మాయి బరువు ఇంకో అమ్మాయి పేరు మీద పడుతుంది. అందుకే దీని గురించి రాస్తున్నాను.

మాత్రిక అంటే ఏమిటి?

సంఖ్యల్ని అడ్డు వరుసల్లో, నిలువు వరుసల్లో పేర్చిన పట్టికని మాత్రిక అంటారు. ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకున్న అక్కలకి ఇది పాఠంగా వస్తుంది. సంఖ్యల్ని ఒకే వరుసలో పేరిస్తే దాన్ని కంప్యూటరు లెక్కల్లో సదిశ అంటారు. ఇంగ్లీషులో మాత్రికని మ్యాట్రిక్స్ అని, సదిశని వెక్టర్ అని అంటారు. మ్యాట్రిక్స్ అనే పేరు లెక్కల్లోకి 1850లో సిల్వెస్టర్ అనే ఇంగ్లీషు గణిత శాస్త్రజ్ఞుడు తెచ్చాడు. మాత్రికల్ని ఎలా కూడాలి, ఎలా గుణించాలి అని ఆయన స్నేహితుడు కేలీ 1858లో వివరంగా రాశాడు. అప్పటికి కంప్యూటర్లు లేవు. అంతా కాగితం మీదే.

మనకి తెలిసిన మాత్రిక ఒకటుంది, అదే ఆరోగ్యం రిజిస్టరు. ప్రతి నెలా మనల్ని తూకం మిషను ఎక్కించి బరువు రాస్తారు గదా. ఒక్కో అమ్మాయికి ఒక్కో అడ్డు వరుస. ఒక్కో నెలకి ఒక్కో నిలువు వరుస. ఇదిగో ఒక చిన్న పట్టిక. ఈ సంఖ్యలు లెక్క చెప్పడానికి నేను వేసుకున్నవి, నిజంగా ఎవరి బరువూ కాదు.

నంబరు 1:  34.2   34.9   35.3
నంబరు 2:  38.0   38.4   38.9
నంబరు 3:  31.8   31.4   31.1
నంబరు 4:  41.5   41.5   42.0

జూలై, ఆగస్టు, సెప్టెంబరు, మూడు నెలలు. అమ్మాయిలు నలుగురు. అంటే ఇది 4 అడ్డు వరుసలు, 3 నిలువు వరుసలు ఉన్న మాత్రిక. దీన్ని 4 × 3 అని రాస్తారు. ఒక్కో అమ్మాయి మూడు నెలల బరువు ఒక సదిశ.

ఇందులో ఒకటి గమనించండి. 1, 2, 4 నంబర్ల అమ్మాయిలు పెరుగుతున్నారు. 3వ నంబరు అమ్మాయి మాత్రం నెల నెలా తగ్గుతోంది. పెరిగే వయసులో బరువు తగ్గితే ఏదో జబ్బు ఉందేమో చూడాలి. ఈ వరుస కనపడితే నర్సు అడుగుతుంది, ఆస్పత్రికి పంపిస్తారు. కనపడకపోతే? అందుకే ఈ వ్యాసం చివరి దాకా 3వ నంబరు అమ్మాయి మీద ఒక కన్నేసి ఉంచండి.

కంప్యూటరుకి ఎలా చెప్పాలి?

లెక్కలకి చాలా భాషలున్నాయి. 1957లో ఫోర్‌ట్రాన్ వచ్చింది. 1970ల చివర్లో అమెరికాలో న్యూ మెక్సికో యూనివర్సిటీలో క్లీవ్ మోలర్ అనే ప్రొఫెసరు, విద్యార్థులు ఫోర్‌ట్రాన్ నేర్చుకోకుండానే మాత్రికల లెక్కలు చేసుకోవాలని మ్యాట్‌ల్యాబ్ తయారు చేశాడు. అది డబ్బు పెట్టి కొనుక్కోవాల్సింది. దాదాపు అలాగే పనిచేసే ఆక్టేవ్ ఉచితం. దాన్ని జాన్ ఈటన్ 1992లో రాయడం మొదలుపెట్టాడు. పైథాన్ అనే భాష 1991లో బయటికి వచ్చింది. దానికి మాత్రికలు నేర్పే నమ్‌పై అనే సామాను ట్రావిస్ ఆలిఫాంట్ చేశాడు. 2006లో దాని 1.0 వచ్చింది. ఇది కూడా ఉచితమే. 2019లో కృష్ణబిలం ఫొటో అని పేపర్లలో వచ్చింది చూశారా? ఆ ఫొటో తయారు చేసిన శాస్త్రజ్ఞులు వాడిన సామాన్లలో నమ్‌పై కూడా ఉంది.

నేను పైథాన్, నమ్‌పై గురించే చెబుతాను. మన పట్టికకి ప అని పేరు పెడదాం. పైథాన్ 3 నుంచి ఇలాంటి పేర్లు తెలుగు అక్షరాల్లో పెట్టినా ఒప్పుకుంటుంది. దాని సొంత మాటలు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

ముందు ఖాళీ పట్టిక కావాలి. జీరోస్ అనే మాటకి 4, 3 అని చెబితే అన్నీ సున్నలున్న 4 × 3 పట్టిక ఇస్తుంది. తర్వాత ఒక వరుస నింపాలంటే ఒక్క లైను చాలు:

ప[0] = [34.2, 34.9, 35.3]

ఇక్కడ = గుర్తు మన లెక్కల పుస్తకంలో సమానం కాదు. "కుడి పక్కన ఉన్నది తీసుకెళ్ళి ఎడమ పక్కన ఉన్న చోట పెట్టు" అని అర్థం. చదువుకునేటప్పుడు కుడి నుంచి ఎడమకి చదవండి, అప్పుడు తికమక ఉండదు.

మూడు సంఖ్యలు విడివిడిగా మూడు లైన్లలో రాయొచ్చు గదా అంటే, రాయొచ్చు. నలుగురికి 12 లైన్లు అవుతాయి. 300 మంది అమ్మాయిలు, 10 నెలలు అయితే 3000 లైన్లు. వరుసగా రాస్తే 300 సార్లు సరిపోతుంది. అది కూడా లూప్‌లో పెడితే రెండు మూడు లైన్లే.

నిలువు వరుస రాయాలంటే ప[:, 1] అనాలి. రెండు చుక్కల గుర్తుకి "అందరివీ" అని అర్థం. అంటే అందరి ఆగస్టు బరువులు. దీనికి నాలుగు సంఖ్యలు ఇవ్వాలి.

ఇక తప్పులు ఎక్కడ జరుగుతాయో ఒక్కొక్కటి చెబుతాను.

1. సున్న నుంచి లెక్క

పైన నేను 1వ నంబరు అమ్మాయికి ప[0] అని రాశాను. ఎందుకంటే పైథాన్ సున్న నుంచి లెక్కపెడుతుంది. నలుగురుంటే 0, 1, 2, 3. మ్యాట్‌ల్యాబ్, ఆక్టేవ్ మాత్రం మనలాగా 1 నుంచి లెక్కపెడతాయి.

ఈ సంగతి మర్చిపోయి 3వ నంబరు అమ్మాయి బరువుల్ని ప[3]లో రాస్తే ఏమవుతుంది? అది 4వ వరుస. తగ్గుతున్న బరువు 4వ అమ్మాయి ఖాతాలో పడుతుంది. బాగున్న అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్తారు. బాగోలేని అమ్మాయి తరగతిలో కూర్చుని ఉంటుంది. కంప్యూటరు మాత్రం నోరు మెదపదు, దానికి ప[3] అనే వరుస ఉంది కాబట్టి. ప[4] అన్నప్పుడు మాత్రమే "అలాంటి వరుస లేదు" అని ఆగిపోతుంది.

కాబట్టి ఎప్పుడూ ప[నంబరు - 1] అని రాయాలి. దీనిలో ఇంకో చిక్కు ఉంది. ఎవరైనా నంబరు రాయకుండా 0 వదిలేశారనుకోండి. 0 - 1 = -1. పైథాన్‌లో ప[-1] అంటే చివరి వరుస! అంటే నంబరు లేని అమ్మాయి బరువు వెళ్ళి చివరి అమ్మాయి బరువుని చెరిపేసి కూర్చుంటుంది. అందుకే వరుస రాసే ముందు నంబరు 1 కన్నా తక్కువ ఉందా, మొత్తం మంది కన్నా ఎక్కువ ఉందా అని చూసుకోవాలి.

ఆక్టేవ్‌లో ఇంకో రకం. నలుగురే ఉన్న పట్టికలో 7వ వరుస రాయమంటే ఆపదు. 5, 6 వరుసలు సున్నలతో తానే చేర్చి 7వది రాసేస్తుంది. లేని ఇద్దరు అమ్మాయిలు పుట్టుకొస్తారు.

2. పొడవు సరిపోవాలి

వరుసలో మూడు గళ్ళు ఉంటే మూడు సంఖ్యలే ఇవ్వాలి. రెండు ఇస్తే కుదరదని నమ్‌పై ఆపేస్తుంది. నాలుగు ఇచ్చినా అంతే. ఇది మంచిదే, తప్పు మనకి వెంటనే తెలుస్తుంది.

కాని ఒకే ఒక్క సంఖ్య ఇస్తే ఆపదు.

ప[2] = 31.8

ఇలా రాస్తే మూడు గళ్ళలోనూ 31.8 నింపేస్తుంది. [31.8] అని బ్రాకెట్లో పెట్టి ఇచ్చినా అదే చేస్తుంది. దీన్ని బ్రాడ్‌కాస్టింగ్ అంటారు. ఒక్క విత్తనాన్ని చేనంతా చల్లినట్టు. కావాలని వాడుకుంటే చాలా సౌకర్యం. కాని 3వ అమ్మాయి జూలై బరువు ఒక్కటే మన దగ్గర ఉన్నప్పుడు ఇలా రాస్తే, ఆగస్టులో, సెప్టెంబరులో కూడా 31.8 ఉన్నట్టు పట్టిక అబద్ధం చెబుతుంది. ఒక్క గడి రాయాలంటే ప[2, 0] = 31.8 అని గడి పేరు చెప్పాలి.

ఇంకోటి. నలుగురు అమ్మాయిలు, నాలుగు నెలలు అయితే పట్టిక చదరంగా ఉంటుంది. అప్పుడు అడ్డు వరుసకీ నిలువు వరుసకీ పొడవు ఒకటే. అడ్డుగా రాయాల్సింది నిలువుగా రాసినా కంప్యూటరు పట్టుకోలేదు. అక్కడ మన కళ్ళే కాపలా.

3. చుక్క తర్వాతది కోసేయడం

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఇదే. జీరోస్ అని కొడితే దశాంశాలు పట్టే పట్టిక వస్తుంది. కాని మనమే 0, 0, 0 అని నాలుగు వరుసలు రాసి నమ్‌పై పట్టిక చేస్తే, అన్నీ పూర్ణ సంఖ్యలే గదా అని అది పూర్ణ సంఖ్యల పట్టిక చేస్తుంది. పట్టిక ఒకసారి ఏ జాతిగా పుట్టిందో వరుస రాసినంత మాత్రాన ఆ జాతి మారదు. అందులో 31.8, 31.4, 31.1 రాస్తే చుక్క తర్వాతది కోసేసి పెట్టుకుంటుంది. దగ్గరి సంఖ్యకి సవరించడం కూడా కాదు, కోసేయడమే. 31.8 అంటే 32 కావాలి గదా, కాదు, 31 అవుతుంది. అప్పుడు మన పట్టిక ఇలా ఉంటుంది:

34   34   35
38   38   38
31   31   31
41   41   42

3వ వరుస చూడండి. 31, 31, 31. తగ్గుతున్న అమ్మాయి ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తోంది. 2వ అమ్మాయి నిజంగా పెరుగుతోంది, ఆమె కూడా 38, 38, 38. ఇద్దరూ ఒకేలా ఉన్నారు! ఎవరికి జబ్బో ఈ పట్టిక చూసి ఏ డాక్టరూ చెప్పలేడు. ఎర్ర అక్షరాలు రావు, హెచ్చరిక రాదు. పట్టిక శుభ్రంగా, అందంగా ఉంటుంది. అందుకే ఖాళీ పట్టిక చేసేటప్పుడే 0 బదులు 0.0 అని రాయాలి, లేదా జీరోస్ వాడాలి.

4. సున్న వేరు, ఖాళీ వేరు

4వ అమ్మాయి ఆగస్టులో పండక్కి ఊరెళ్ళింది, బరువు చూడలేదు అనుకోండి. ఆ గడి సున్నగా ఉండిపోతుంది. అప్పుడు సగటు తీస్తే 41.5 + 0 + 42.0 = 83.5, దాన్ని 3తో భాగిస్తే 27.8. నలభై దాటిన అమ్మాయి సగటు 27.8 అట! నిజానికి రెండు నెలలకే సగటు తీయాలి, అది 41.75.

అందుకని కంప్యూటరులో "ఇది సంఖ్య కాదు" అనే గుర్తు ఒకటుంది. దాన్ని నాన్ అంటారు. ఖాళీ పట్టికని సున్నలతో కాకుండా నాన్‌లతో నింపి మొదలుపెడితే, ఎవరి వరుస రాయలేదో, ఏ గడి మిగిలిందో వెంటనే తెలుస్తుంది. నాన్ ఉన్న వరుసకి మామూలు సగటు అడిగితే నాన్ అనే వస్తుంది. నాన్‌మీన్ అనే మాట వాడితే ఉన్నవాటికే సగటు తీస్తుంది. అన్నం వండలేదు అనడానికీ, వండిన గిన్నె ఎక్కడుందో చూడలేదు అనడానికీ తేడా ఉంది గదా. ఇదీ అంతే.

5. ఒక మేకకి నాలుగు తాళ్ళు

నమ్‌పై లేకుండా పైథాన్‌లో మామూలు లిస్టులతో కూడా పట్టిక చేయొచ్చు. అక్కడ ఒక పెద్ద మోసం ఉంది.

వ అనే ఒకే లిస్టు తీసుకుని, అందులో 1వ అమ్మాయి బరువులు నింపి, పట్టిక మొదటి వరుసలో పెట్టాం. మళ్ళీ అదే వ లోపల గళ్ళు మార్చి 2వ అమ్మాయివి నింపి రెండో వరుసలో పెట్టాం. ఇలా నలుగురివి. చివర్లో చూస్తే నాలుగు వరుసల్లోనూ 4వ అమ్మాయి బరువులే ఉంటాయి! ఎందుకంటే మామూలు లిస్టు వరుసలో సంఖ్యల్ని పెట్టుకోదు, "వ అక్కడుంది" అని దారి మాత్రం పెట్టుకుంటుంది. ఒకే మేకకి నాలుగు తాళ్ళు కట్టి, నాలుగు తాళ్ళు చూపించి నాలుగు మేకలున్నాయి అన్నట్టు. ప్రతి అమ్మాయికీ కొత్త లిస్టు చేయాలి, అప్పుడు నాలుగు మేకలు.

నమ్‌పై పట్టికలో వరుస రాస్తే అలా కాదు. ప[0] = వ అన్నప్పుడు సంఖ్యల్ని చూసి తన గళ్ళలోకి ఎక్కించుకుంటుంది. తర్వాత వ మారినా పట్టిక మారదు.

కాని వెనక్కి తీసేటప్పుడు జాగ్రత్త. క = ప[2] అంటే నమ్‌పై కొత్త నకలు ఇవ్వదు, పట్టికలోకి ఒక కిటికీ తెరుస్తుంది. క[0] = 0 అని రాస్తే పట్టికలో కూడా సున్న పడుతుంది. విడిగా నకలు కావాలంటే కాపీ అని అడగాలి.

ఈ కిటికీ వల్లే ఇంకో తంటా. రెండు వరుసలు తారుమారు పడ్డాయి, సరిచేద్దాం అని

ప[0], ప[1] = ప[1], ప[0]

అని రాస్తే రెండు వరుసల్లోనూ పాత రెండో వరుసే ఉంటుంది. మొదటి అమ్మాయి మాయం. రెండు బిందెల్లో నీళ్ళు మార్చుకోవాలంటే మూడో బిందె కావాలి గదా. కాబట్టి మొదటి వరుసని కాపీ చేసి పక్కన పెట్టుకుని మార్చాలి. లేదా ఇలా రాయాలి:

ప[[0, 1]] = ప[[1, 0]]

ఇలా రాస్తే కుడి పక్కన నకలు తీసుకుంటుంది, అదే మూడో బిందె.

6. ముందే చోటు ఎందుకు పెట్టుకోవాలి?

ఖాళీ పట్టిక ఎందుకు, ఒక్కో అమ్మాయి వచ్చినప్పుడు ఒక్కో వరుస అతికించుకుంటూ పోతే పోదా అని అడగొచ్చు. నమ్‌పై పట్టిక కంప్యూటరు లోపల ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని ఉంటుంది. మామూలుగా ఒక్కో దశాంశ సంఖ్యకి 8 బైట్లు. మన పట్టికకి 12 గళ్ళు, 96 బైట్లు. మొదటి అమ్మాయి వరుస అయిపోగానే దాన్ని ఆనుకునే రెండో అమ్మాయి వరుస మొదలవుతుంది. కొత్త వరుస అతికించాలంటే పక్కన చోటు ఉండదు, కాబట్టి కొత్త చోటు వెతికి పాతవన్నీ మళ్ళీ రాస్తుంది. కొత్త అమ్మాయి చేరినప్పుడల్లా కొత్త రిజిస్టరు కొని, మొదటి పేరు నుంచి మళ్ళీ రాసినట్టు.

100 మంది అయితే 1 + 2 + 3 + ... + 100 వరుసలు రాయాలి. సూత్రం ప్రకారం 100 × 101 ÷ 2 = 5050. ముందే చోటు పెట్టుకుంటే 100 వరుసలే. తేడా మీరే చూడండి.

చివరిగా

పట్టికలో ఏది ఉంటే అదే నిజమని పెద్దవాళ్ళు నమ్ముతారు. మనలో చాలామంది అమ్మానాన్నలు రిజిస్టరు చదవలేరు. సంతలో కాటా మీద ఎంత రాస్తే అంత అని ఒప్పుకున్నట్టే, ఆస్పత్రిలో కాగితం మీద ఏముంటే అదే అని ఒప్పుకుంటారు. కాబట్టి చదువుకున్న మనమే చూసుకోవాలి. పెన్నుతో రాసినా కంప్యూటరుతో రాసినా ఎవరి వరుసలో వాళ్ళ సంఖ్యే ఉండాలి.

వరుస రాశాక ఈ నాలుగు చూసుకోండి:

అ) మొదటి అమ్మాయివి, చివరి అమ్మాయివి, మధ్యలో ఒకరివి కాగితంతో పోల్చాలి.
ఆ) పట్టికలో దశాంశాలు కనిపిస్తున్నాయా?
ఇ) ఏ రెండు వరుసలైనా అచ్చం ఒకేలా ఉన్నాయా? ఉంటే అనుమానించాలి.
ఈ) సున్నలు ఎన్ని మిగిలాయి? బతికున్న మనిషి బరువు సున్న ఉండదు.

మీకో ప్రశ్న

అన్నీ సున్నలున్న 4 × 3 నమ్‌పై పట్టిక ప. దాని మీద వరుసగా ఇవి చేశాం:

ప[1] = 7
ప[-1] = [1, 2, 3]
ప[0] = ప[1]
ప[1, 0] = 9
క = ప[3]
క[2] = 5

ఇప్పుడు పట్టిక ఎలా ఉంటుంది? 7లు ఎన్ని మిగిలాయి? కంప్యూటరు ముట్టుకోకుండా కాగితం మీద చేయండి. జవాబు చీటీ మీద రాసి, పేరు, తరగతి వేసి, గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. సరైన జవాబు రాసినవాళ్ళ పేర్లు వచ్చే సంచికలో రాస్తాం.

— 9వ తరగతి విద్యార్థిని